ముందు రెండేళ్లు కమ్యూనిటీ కాలేజీలో

ఇంటర్ అయ్యాక అమెరికాలో బ్యాచిలర్స్ చదవాలనుకునే పిల్లలు ముందుగా పేరున్న యూనివర్సిటీల జాబితా రాసుకుంటారు. ఫీజులు చూశాక ఆ జాబితా మూసేసి, మాస్టర్స్‌కి చూద్దాంలే అనుకుంటారు. మధ్యలో ఇంకో దారి ఉందని మన ఇళ్లలో చెప్పేవాళ్లు తక్కువ. మొదటి రెండేళ్లు కమ్యూనిటీ కాలేజీలో చదివి అసోసియేట్ డిగ్రీ తీసుకుని, మూడో ఏడాదికి యూనివర్సిటీలో చేరడమే ఆ దారి. పాలిటెక్నిక్ చేసి, ఈసెట్ రాసి, నేరుగా బీటెక్ రెండో ఏడాదిలో చేరినవాళ్లు మనలో ఎందరో ఉన్నారు. ఇదీ ఆ కోవలోదే. కాకపోతే ఇక్కడ ఈసెట్ లాంటి ఒక్క పరీక్ష ఉండదు. రెండేళ్లలో చదివిన కోర్సులూ, వాటిలో వచ్చిన గ్రేడ్లే ప్రవేశాన్ని తేలుస్తాయి.

అమెరికాలో ఇది కొత్త ఏర్పాటేమీ కాదు. ఇల్లినాయిస్‌లోని జోలియట్ జూనియర్ కాలేజీ 1901లో మొదలైంది. కాలిఫోర్నియా 1960లో తన ఉన్నత విద్య ప్రణాళికలోనే కమ్యూనిటీ కాలేజీ నుంచి యూనివర్సిటీకి వెళ్లే దారిని రాసిపెట్టుకుంది. ఇప్పుడు ఆ రాష్ట్రంలో 116 కమ్యూనిటీ కాలేజీలున్నాయి. అక్కడి కాల్ స్టేట్ యూనివర్సిటీల్లో పట్టా తీసుకునేవారిలో దాదాపు సగం మంది వీటిలోనే చదువు మొదలుపెట్టినవాళ్లు. కల్పనా చావ్లా ఎక్కిన కొలంబియా నౌకను 1999లో నడిపి, స్పేస్ షటిల్‌కు తొలి మహిళా కమాండర్ అయిన ఐలీన్ కాలిన్స్ కూడా న్యూయార్క్ రాష్ట్రంలోని కార్నింగ్ కమ్యూనిటీ కాలేజీలో రెండేళ్లు చదివాకే సిరాక్యూస్ యూనివర్సిటీకి వెళ్లారు.

ఈ దారిలో తీసుకునే అసోసియేట్ డిగ్రీల్లో ఒకటి లిబరల్ ఆర్ట్స్. ఆ పేరు వినగానే మనవాళ్లకు సీఈసీ, హెచ్ఈసీ గ్రూపులు గుర్తొస్తాయి. మార్కులు రానివాళ్ల చదువనే చులకన కూడా వెంటే వస్తుంది. నిజానికి ఈ డిగ్రీలో సుమారు 60 సెమిస్టర్ క్రెడిట్లుంటాయి. ఇంగ్లిష్ రచన, గణితం లేదా స్టాటిస్టిక్స్, ల్యాబ్‌తో కూడిన ఒక సైన్సు, చరిత్ర, సైకాలజీ లేదా సోషియాలజీ, సాహిత్యం లేదా కళలు, వీటన్నిటినీ తలా కొంత చదవాలి. యూనివర్సిటీలో నేరుగా చేరినవాళ్లూ మొదటి రెండేళ్లలో చాలావరకు ఇవే చదువుతారు.

మన పిల్లలకు ఇందులో అన్నిటికంటే ఎక్కువ మేలు చేసేది ఇంగ్లిష్ రచన కోర్సే అని నా గట్టి నమ్మకం. పొద్దున్నుంచి రాత్రి దాకా ఎంపీసీ స్టడీ అవర్లలో కూర్చున్న విద్యార్థి లెక్క చేయగలడు, సరైన ఆప్షన్ గుర్తించగలడు. ఒక విషయం మీద తన అభిప్రాయం ఏమిటో, దానికి ఆధారమేమిటో నాలుగు పేజీలు రాయమంటే మాత్రం తడబడతాడు. అది పిల్లల లోపం కాదు, వాళ్లతో మనం ఎన్నడూ రాయించలేదు. కమ్యూనిటీ కాలేజీలో ఒకే వ్యాసాన్ని రెండు మూడుసార్లు తిరగరాయిస్తారు. తరగతి చిన్నది కాబట్టి ప్రొఫెసర్ ప్రతి విద్యార్థినీ పేరుతో గుర్తుపడతారు, ఆఫీస్ అవర్స్‌లో కూర్చోబెట్టి మాట్లాడతారు. తర్వాత సిఫార్సు లేఖ కావాల్సి వచ్చినప్పుడు ఆ పరిచయమే పనికొస్తుంది.

ఏం చదవాలో ఇంకా తేలని పిల్లలకు, ఎకనామిక్స్, సైకాలజీ, కమ్యూనికేషన్, బిజినెస్, టీచింగ్ వైపు మొగ్గున్నవాళ్లకు ఈ లిబరల్ ఆర్ట్స్ డిగ్రీ సరిపోతుంది. ఇంజినీరింగో కంప్యూటర్ సైన్సో చదవాలని ముందే తేల్చుకున్నవాళ్లు లిబరల్ ఆర్ట్స్ డిగ్రీలో చేరకండి. కాలిక్యులస్, ఫిజిక్స్, ప్రోగ్రామింగ్ కోర్సులు ఒకదాని తర్వాత ఒకటి మెట్టుమెట్టుగా చదవాల్సినవి. వాటిని మూడో ఏడాదికి వాయిదా వేస్తే నాలుగేళ్ల చదువు ఐదారేళ్లకు సాగుతుంది. వాళ్లకు సైన్స్ వైపు అసోసియేట్ డిగ్రీలు వేరే ఉన్నాయి.

ఇక అసలు విషయం. కొత్త యూనివర్సిటీ మీ డిగ్రీని మొత్తంగా తీసుకోకపోవచ్చు, కోర్సులను ఒక్కొక్కటిగా చూస్తుంది. ఏ కోర్సు తన దగ్గర దేనికి సమానమో చూసి, కొన్నిటిని మేజర్ (ప్రధాన సబ్జెక్టు) కింద లెక్కిస్తుంది, కొన్నిటిని ఎలెక్టివ్‌గా పక్కన పెడుతుంది, కొన్నిటిని అసలు తీసుకోదు. కాలేజీ మారిన విద్యార్థులు సగటున 43 శాతం క్రెడిట్లు పోగొట్టుకుంటున్నారని 2017లో అమెరికా ప్రభుత్వ ఆడిట్ సంస్థ జీఏవో అంచనా వేసింది. అది అన్ని రకాల కాలేజీల బదిలీలనూ కలిపిన లెక్కే. అయినా గుండెలు గుభేలుమనే సంఖ్యే. అందుకే ఏ యూనివర్సిటీ, ఏ మేజర్ అన్నది మొదటి సెమిస్టర్‌లోనే ఆలోచించాలి. కాలిఫోర్నియాలో అయితే అసిస్ట్ అనే వెబ్‌సైట్‌లో మీ కాలేజీ కోర్సు ఏ యూనివర్సిటీలో దేనికి సమానమో ఉచితంగా చూసుకోవచ్చు. డేవిస్, అర్వైన్, శాంటా బార్బరా సహా ఆరు యూనివర్సిటీ ఆఫ్ కాలిఫోర్నియా (యూసీ) క్యాంపస్‌లు నిర్ణీత కోర్సులు, గ్రేడ్లు ఉన్నవారికి టాగ్ పేరుతో ముందే సీటు హామీ ఇస్తాయి. కొన్ని మేజర్లకు ఆ హామీ వర్తించదు. బర్కిలీ, యూసీఎల్ఏ, శాన్ డియేగో ఈ ఏర్పాటులో లేవు. ఫ్లోరిడాలో రాష్ట్ర కమ్యూనిటీ కాలేజీ నుంచి అసోసియేట్ ఇన్ ఆర్ట్స్ డిగ్రీ పొందినవారికి ఏదో ఒక రాష్ట్ర యూనివర్సిటీలో ప్రవేశం ఖాయం, కోరుకున్నదే వస్తుందన్న హామీ మాత్రం లేదు. ప్రైవేటు యూనివర్సిటీలు ఎవరికి వారే నిర్ణయించుకుంటాయి. కాబట్టి రాష్ట్రం మారితే రూల్స్ మారతాయన్నది మనసులో పెట్టుకోండి.

డబ్బు సంగతి కుటుంబాన్ని బట్టి ఉంటుంది. కాలిఫోర్నియా నివాసికి కమ్యూనిటీ కాలేజీలో సెమిస్టర్ యూనిట్‌కు 46 డాలర్లు, అంటే 60 యూనిట్లకు 2,760. యూసీలో ఒక్క ఏడాది ట్యూషన్, ఫీజులే 14 వేలు దాటుతాయి. ఫ్రీమాంట్‌లోనో క్యూపర్టినోలోనో స్థిరపడిన మన కుటుంబాలు పక్కనే ఉన్న డి అంజా, ఓలోనీ కాలేజీలను చిన్నచూపు చూడకుండా ఈ లెక్క ఒకసారి వేసుకోవాలి. తల్లిదండ్రుల ఉద్యోగ వీసాపై ఆధారపడిన హెచ్-4 మీద ఉన్న పిల్లలకు 21 నిండగానే ఆ హోదా పోతుంది. విద్యార్థి వీసా ఎఫ్-1కి మారితే ట్యూషన్ రేటు కూడా మారొచ్చు, కాబట్టి పుట్టినరోజును క్యాలెండర్‌లో పెట్టుకునే చదువు ప్లాన్ చేయండి.

హైదరాబాద్, విజయవాడల నుంచి ఎఫ్-1 మీద వెళ్లేవారికి 46 డాలర్లతో సరిపోదు. యూనిట్‌కు వందల డాలర్ల నాన్‌రెసిడెంట్ ట్యూషన్ కూడా కట్టాలి, అయినా చాలా యూనివర్సిటీల కంటే తక్కువే. వీసా ఇంటర్వ్యూలో కమ్యూనిటీ కాలేజీ ఎందుకని అడిగితే, ఏ మేజర్ కోసం ఏ యూనివర్సిటీకి బదిలీ కావాలనుకుంటున్నారో, నాలుగేళ్ల ఖర్చు ఎలా భరిస్తారో చెప్పగలగాలి. అసోసియేట్ డిగ్రీ తర్వాత పన్నెండు నెలల ఓపీటీకి (చదువుకు సంబంధించిన ఉద్యోగానికిచ్చే అనుమతి) అర్హత ఉంటుంది గానీ, స్టెమ్ రంగాలకిచ్చే రెండేళ్ల పొడిగింపు బ్యాచిలర్స్, ఆపై డిగ్రీలకే. రెండేళ్ల డిగ్రీతో ఉద్యోగం సంపాదించి అక్కడే స్థిరపడవచ్చని ఏ కన్సల్టెన్సీ అయినా చెబితే నమ్మకండి.

యూసీకి వెళ్లాలంటే టాగ్ దరఖాస్తు సెప్టెంబరులో, అసలు దరఖాస్తు అక్టోబరు, నవంబరుల్లో పెట్టాలి. అంటే రెండో ఏడాది మొదలైన కొద్ది వారాలకే. అప్పటికి చేతిలో ఉండేది మొదటి ఏడాది గ్రేడ్లే. చేరిన మొదటి వారంలోనే ట్రాన్స్‌ఫర్ కౌన్సెలర్ దగ్గర అపాయింట్‌మెంట్ తీసుకోండి, వారు చెప్పిన కోర్సుల ప్రణాళికను కాగితం మీద రాయించుకోండి. చదివిన ప్రతి కోర్సు సిలబస్‌నూ దాచుకోండి. క్రెడిట్ ఇవ్వం అన్న యూనివర్సిటీని మళ్లీ పరిశీలించమని అడగాలంటే ముందుగా చూపాల్సింది దాన్నే.