కాలేయం ఇచ్చేదెవరు, పుచ్చుకునేదెవరు?

మా ఇంట్లో దీనికి మూడు పేర్లు. అవ్వ కార్జం అంటుంది, తమిళం మాట్లాడే అమ్మ కల్లీరల్ అంటుంది, పుస్తకాల్లో కాలేయం. పేరు ఏదైనా, అది పూర్తిగా చెడిపోతే మూత్రపిండాలకు డయాలిసిస్ ఉన్నట్టు ఏళ్ల తరబడి నెట్టుకొచ్చే యంత్రం లేదు. ఇంకొకరి కాలేయం పెట్టాల్సిందే.

మన దేశంలో ఇది మొదట విజయవంతం అయింది 1998లో, ఢిల్లీలో. కాంచీపురానికి చెందిన ఇరవై నెలల బాబుకు తండ్రి తన కాలేయంలో ఒక ముక్క ఇచ్చాడు. ముక్క ఇస్తే చాలు, ఎందుకంటే కాలేయం మళ్లీ పెరుగుతుంది.

2013లో దేశమంతా అన్ని అవయవాల మార్పిడులూ కలిపి 4,990. 2023కు అవి 18,378 అయ్యాయి. వాటిలో కాలేయాలు 4,491, చిన్నపేగులు 16 మాత్రమే. పేగు నిండా రోగనిరోధక కణాలు ఉంటాయి కాబట్టి కొత్త ఒంట్లో అది తొందరగా కుదురుకోదు. ఇన్‌ఫెక్షన్ భయం ఎక్కువ. బయటికి తీశాక ఎక్కువ గంటలు నిలవదు కూడా.

ఇక అసలు విషయానికి వస్తాను. 2023లో చనిపోయాక అవయవాలు ఇచ్చినవాళ్లు దేశం మొత్తం మీద 1,099 మంది. బతికుండి ఇచ్చినవాళ్లు పదిహేను వేలకు పైనే. ఈ బతికున్న దాతల్లో నూటికి 63 మంది ఆడవాళ్లు. మరి పుచ్చుకున్నవాళ్లు? జాతీయ అవయవ మార్పిడి సంస్థ నోటో లెక్కల ప్రకారం 1995 నుంచి 2021 దాకా జరిగిన 36,640 మార్పిడుల్లో ఆడవాళ్లకు అందినవి 6,945. మద్యం వల్ల కాలేయ జబ్బు మగవాళ్లకే ఎక్కువ వస్తుంది, నిజమే. కానీ ఇంత తేడాకు అదొక్కటే కారణమా? 'సంపాదించే మనిషి బతకాలి' అనే మాట మన ఇళ్లల్లో వినలేదా?

చట్టం ప్రకారం పద్దెనిమిది నిండితే దాత కావచ్చు. అంటే మన క్లాసులో అందరమూ. అందుకే 2014 నిబంధనల్లో ఒక మాట తెలుసుకోవాలి: దాత స్త్రీ అయితే, ఆమె సొంత ఇష్టంతోనే ఇస్తోందని రోగి కాక వేరే వ్యక్తి నిర్ధారించాలి. ప్రేమతో ఇవ్వడం గొప్పే. 'వద్దు' అనే హక్కు కూడా మనకుంది.

కూతుళ్లు, భార్యల మీద ఈ భారం తగ్గాలంటే మరణానంతర దానం పెరగాలి. మెదడు చనిపోయిందని నలుగురు డాక్టర్ల బృందం, ఆరు గంటల తేడాతో రెండుసార్లు పరీక్షించి తేలుస్తుంది. 2008లో వైద్య దంపతులు తమ కొడుకు హితేంద్రన్ అవయవాలు ఇచ్చాక తమిళనాడులో ఈ దానం ఊపందుకుంది. 2023 నుంచి ఇలాంటి దాతలకు ప్రభుత్వ గౌరవంతో అంత్యక్రియలు చేస్తున్నారు.

హోసూరు, కృష్ణగిరి వాళ్లకు ఇంకో సంగతి. పెద్ద వైద్యమంటే మనం బెంగళూరు బస్సే ఎక్కుతాం. అది కర్ణాటక. అవయవం కోసం పేరు నమోదుకు ఆ రాష్ట్రవాసి కావాలన్న షరతు వద్దని 2023లో కేంద్రం చెప్పింది. ఇప్పుడు ఏ రాష్ట్రంలోనైనా నమోదు చేసుకోవచ్చు.

ఇంట్లో అమ్మకో అత్తకో కాలేయం చెడితే, 'నాకెందుకులే' అని ఆమె అన్నా, ముందు ఆమె పేరు రాయించండి.