ఆంగ్లంలో అన్యదేశ్యాలు

ధనం అప్పు తెచ్చుకొన్నవాడు వడ్డీతో తీర్చవలె. మాట విషయంలో ఆ చింత లేదు. తెచ్చుకొన్నవారికి లాభమే కాని, ఇచ్చినవారికి తరుగు లేదు. మన వ్యాకర్తలు ఇట్టి పదాలను అన్యదేశ్యములన్నారు. ఆంగ్ల భాషను ఈ దృష్టితో పరిశీలిస్తే, నిఘంటువులో అచ్చపు ఆంగ్లపదాల కంటె అన్యదేశ్యాలే అధికమని తేలుతుంది.

1066లో నార్మన్ ప్రభువు విలియం ఇంగ్లండును జయించిన పిదప ఫ్రెంచి అక్కడ పాలకుల భాష అయినది. మందలో ఉన్నంతవరకు 'షీప్' అనే ఆంగ్లపదం, పళ్ళెంలోనికి వచ్చేసరికి 'మటన్' అనే ఫ్రెంచి పదం! తరగతి గదిలోని 'పెన్ను' లాటిన్ భాషలో ఈక; 'పేపరు' గ్రీకు మూలం కలది. 'స్కూలు'కు మూలమైన గ్రీకు పదానికి తొలి అర్థం తీరిక. ఈ సంగతి విద్యార్థులకు సంతోషకరమే కావచ్చు!

తూర్పు దేశాల ఋణమూ తక్కువ కాదు. సంస్కృత 'శర్కర' పారసీకంలో 'షకర్', అరబ్బీలో 'సుక్కర్' అయి, ఐరోపా చేరి 'షుగర్' అయినది. మన 'చక్కెర' దానికి తోబుట్టువే. మన 'నారింజ' కూడ ఆ దారినే సాగి 'ఆరెంజ్' అయినది. 'శూన్యం' అనే భావాన్ని అరబ్బులు 'సిఫ్ర్' అన్నారు. దాని నుండియే 'సైఫర్', 'జీరో' అనే రెండు మాటలూ పుట్టినవి. 9వ శతాబ్దిలో బాగ్దాదు నగరంలో అల్ ఖ్వారిజ్మీ వ్రాసిన గణిత గ్రంథం పేరులోని 'అల్ జబ్ర్' నేటి 'ఆల్జీబ్రా'.

మరి తెలుగువారి వంతు? 1611లో ఆంగ్లేయుల 'గ్లోబ్' నౌక మన రేపల్లె సీమలోని నిజాంపట్నానికి వచ్చినది. అప్పుడు దానిని పేటపోలి అనేవారు. వర్తకంతోపాటు మాటలూ ఓడలెక్కినవి. నరసాపురం చెంతనున్న మాధవాయపాలెం పేరు ఒక నూలుబట్టకు 'మాడపొల్లం' అని స్థిరపడినది. మన పందికొక్కు 'బాండికూట్' అయి, ఆస్ట్రేలియాలోని వేరొక జంతువుకు సైతం పేరైనది. 'గోడౌన్' మలయ భాష మీదుగా వచ్చిన మాట. దానికి మన 'గిడ్డంగి' మూలం కావచ్చునని పండితుల ఊహ. యూల్, బర్నెల్ అను పండితులు ఇట్టి పదాలను సేకరించి కూర్చిన 'హాబ్సన్-జాబ్సన్' నిఘంటువు 1886లో వెలువడినది.

ఇక 'రైతు' మాట చూడండి. అరబ్బీ 'రఇయ్యత్' తెలుగులో 'రైతు', ఆంగ్లంలో 'రయ్యత్' అయినది. దానికి మనం 'లు' చేర్చి 'రైతులు' అన్నాము. బాండికూటుకు ఆంగ్లేయులు తమ బహువచన ప్రత్యయం చేర్చుకొన్నారు. ఏ భాషా ప్రత్యయాన్ని స్వీకరిస్తే ఆ పదం ఆ భాషదే. పుట్టిన చోటు చరిత్ర మాత్రమే.

మన విద్యార్థులలో పలువురికి ఇంట ఉర్దూ, ఊరిలో తెలుగు, పాఠ్యగ్రంథాలలో ఆంగ్లం. వ్యాసంలో 'ఖరీదు' వ్రాసి, ఇది ఉర్దూ మాటేమోనని కొట్టివేసి 'మూల్యము' అని దిద్దేవారున్నారు. ఉర్దూ సంభాషణలో తెలుగు పలుకు దొర్లితే సిగ్గుపడేవారూ ఉన్నారు. ఈ రెండు సంకోచాలూ తగవు. కలం, కాగితం, దుకాణం, జిల్లా - ఇవన్నీ తెలుగు పదాలే. 'రైతు' మాటను విడిచి జంపని పొలాలను గురించి ఎవరైనా నాలుగు వాక్యాలు వ్రాయగలరా? ఇందరి ఋణంతో పెరిగిన ఆంగ్లాన్ని గౌరవించే మనం, ఆ పనినే మన భాషలు చేస్తే కళంకమని భావించడం న్యాయం కాదు.

సి.పి. బ్రౌన్ తెలుగులో కలిసిన అన్యభాషా పదాలకు 1854లోనే ప్రత్యేక నిఘంటువు వెలువరించాడు. అట్టి గ్రంథాలు, ఉర్దూ, ఆంగ్ల నిఘంటువుల సరసన మన గ్రంథాలయంలో ఒకే బీరువాలో ఉండునట్లు పాలకవర్గంవారు ఏర్పాటు చేయవలెనని మనవి. విద్యార్థులు తమ ఇంటి మాటలు పది వ్రాసుకొని, వాటి పుట్టుపూర్వోత్తరాలు వెదకవలె. తాము మాట్లాడే మాటలు ఎంత దూరం ప్రయాణించి తమ ఇల్లు చేరినవో తెలిసినవారు, ఏ భాషనూ పరాయిదని తేలికగా అనలేరు.