పసిపిల్లల చదువును వృత్తిగా కోరుకొన్న మేనకోడలికి

నాదర్‌గుల్

  

నల్లగొండ నుండి నీవు వ్రాసిన ఉత్తరము అందినది. డిగ్రీ పరీక్షలు ముగిసిన పిదప పసిపిల్లల విద్యకై పాటుపడు సంస్థలలో ఒకదానియందు చేరవలెనని నీకు తోచిన సంగతియు, ‘అ ఆలు దిద్దించుటకు డిగ్రీ ఏల’ యని మీ నాయన అనిన మాటయు అందులో చదివితిని. ఆయన మాటకు నొచ్చుకొనకుము. బిడ్డ బ్రతుకుతెరువును గూర్చిన దిగులే ఆయనచేత అట్లు పలికించినది. చిరకాలము అంగన్‌వాడీ పర్యవేక్షకురాలిగా ఊరూర తిరిగిన దానను గనుక, ఈ త్రోవలోని మేలును కష్టమును గూడ నీకు దాచక చెప్పెదను.

పిల్లలనిన నాకు ప్రాణమని నీవు వ్రాసితివి. ఆ ప్రేమ ఈ పనికి పునాదియే కాని, దానితోనే పని నెరవేరదు. పసివాడు చేయుచున్న పనిని చూచి, వాని మనస్సున ఏమి జరుగుచున్నదో గ్రహించి, ఎప్పుడు పలుకవలెనో ఎప్పుడు మిన్నకుండవలెనో తెలిసికొనుట ఒక శాస్త్రము. అభ్యాసమున గాని అది అలవడదు. ఒక కేంద్రమునందు మూడేండ్ల బాలుడొకడు గోడవారగా కూర్చుండి, స్టీలు గ్లాసులోని చింతగింజలను వేఱొక గ్లాసులోనికి ఒంపుచు, నేలపై పడిన ప్రతి గింజను బొటనవ్రేలితోను చూపుడువ్రేలితోను పట్టియెత్తి మరల వేయుచు, చుట్టునున్న సందడినంతయు మఱచియుండెను. కేంద్రమును చూడవచ్చిన పెద్దమనిషి యొకరు ‘వీడేమియు చదువుట లేదే’ అనగా, పదవ తరగతి మాత్రమే చదివిన ఆ టీచరు ‘రేపు బలపం పట్టే వేళ్లు ఇప్పుడే తయారైతున్నయి సార్’ అని బదులుచెప్పి, పిల్లవాని చెంత చతికిలబడి ‘ఏ గ్లాసుల ఎక్కువున్నయి బిడ్డా?’ అని ఒక్క ప్రశ్న మాత్రమడిగి, వాడు వ్రేలెత్తి చూపువఱకు మాఱుమాటాడక వేచియుండెను. నీవు నేర్వవలసిన విద్యయంతయు ఆ ప్రశ్నలోను, ఆ వేచియుండుటలోను ఉన్నది.

ఇది అల్పవిద్య యని భావించువారికి చరిత్రయే సమాధానము చెప్పును. మరియా మాంటిస్సోరి వైద్యురాలు. 1907లో రోము నగరమున పేదకార్మికుల పేటలో తన మొదటి బాలగృహమును తెఱచి, 1939లో మద్రాసు అడయారునకు వచ్చి, మనదేశమున ఎందఱో ఉపాధ్యాయులకు శిక్షణనిచ్చినది. గిజూభాయి బధేకా న్యాయవాది. ఆ వృత్తిని విడిచి 1920లో భావనగరమున బాలమందిరమును స్థాపించెను. తారాబాయి మోదక్, ఆమె శిష్యురాలు అనూతాయి వాఘ్ మహారాష్ట్రమునందలి ఆదివాసి పల్లెలలో పిల్లలున్న వాకిళ్లకే బడిని తీసికొనిపోయిరి. మన తెలుగునాట విజయవాడలో 1955లో మాంటిస్సోరి పాఠశాలను నెలకొల్పిన వేగె కోటేశ్వరమ్మగారిని 2017లో ప్రభుత్వము పద్మశ్రీతో గౌరవించినది. వైద్యమును, న్యాయవాదమును చదివినవారు ఈ పనికి తమ జీవితమును ధారపోసిరని మీ నాయనతో చెప్పుము.

ఇక అవకాశముల మాట. అన్నిటికంటె పెద్ద వాకిలి సర్కారుదే. 1975 అక్టోబరు 2వ తేదీన 33 ప్రాజెక్టులతో మొదలైన సమగ్ర శిశు అభివృద్ధి పథకము నేడు మన తెలంగాణమునందే దాదాపు 35,700 అంగన్‌వాడీ కేంద్రములుగా విస్తరించినది. అచ్చటి టీచరు ఆటపాటలతో చదువు చెప్పుటయే గాక, పిల్లల బరువు తూచి పట్టికలో గుర్తించుటయు, గ్రుడ్డు, బాలామృతము అందించుటయు, గర్భిణీస్త్రీలకు భోజనము పెట్టుటయు చూచుకొనవలెను. ఇంతటి భారమునకు తగిన ప్రతిఫలము లేదనుట సత్యము; 2021లో ఇచ్చట టీచరు గౌరవవేతనమును నెలకు 13,650 రూపాయలు చేసిరి. ఐనను 2022 ఏప్రిలులో సుప్రీంకోర్టు అంగన్‌వాడీ ఉద్యోగినులు గ్రాట్యుటీకి అర్హులని తీర్పుచెప్పుటతో వారి సేవకు కొంత గుర్తింపు దక్కినది. పట్టభద్రురాలవైన పిదప, నీ డిగ్రీ విషయములు అర్హతకు సరిపోయినచో, నీవు సూపర్‌వైజరు, శిశు అభివృద్ధి ప్రాజెక్టు అధికారి (సీడీపీఓ) పదవులకు పబ్లిక్ సర్వీస్ కమిషను ప్రకటనలు వెలువడినపుడు పరీక్ష వ్రాయవచ్చును. కాని అవి ఏటేట వెలువడవు గనుక, వానికై ఎదురుచూచుచు ఊరక కూర్చుండకుము.

రెండవది స్వచ్ఛందసంస్థల వాకిలి. ముంబయి మురికివాడల బాలవాడీలతో ఆరంభమైన ప్రథమ్, సంగారెడ్డి జిల్లాలో అంగన్‌వాడీ టీచర్లతో కలిసి పనిచేయు అజీం ప్రేమ్‌జీ ఫౌండేషను, మన రంగారెడ్డి జిల్లా పల్లెలలోనే బాలకార్మికులను బడిబాట పట్టించిన ఎం.వి. ఫౌండేషను మొదలగు సంస్థలు ఉన్నవి. టీచర్లకు తోడునిల్చి బోధనను మెఱుగుపఱచుట, తల్లిదండ్రుల సమావేశములు నడుపుట, బొమ్మలు, కథలు, పాటలు సిద్ధపఱచుట ఇట్టి సంస్థలలో దొరకు పనులు. ఎండలో బస్సులెక్కి తిరుగుటకు సిద్ధపడినవారికే ఇవి అనుకూలించును.

మూడవది శిశుసంరక్షణ గృహముల వాకిలి; దానిని చాలమంది తలపరు. నేడు నాదర్‌గుల్ చుట్టును పొలములు ప్లాట్లైనవి. ఆదిబట్ల వైపు కర్మాగారములును కంప్యూటరు కార్యాలయములును వెలసినవి. 2017 నాటి ప్రసూతి ప్రయోజన చట్టసవరణ, ఏబదిమందియు అంతకు మించియు ఉద్యోగులున్న సంస్థ శిశుసంరక్షణ గృహమును ఏర్పాటుచేయవలెనని విధించినది. ఏబదిమందికి మించి స్త్రీలు పనిచేయు భవననిర్మాణ స్థలములందును పిల్లలకు నీడ కల్పింపవలెనని 1996 నాటి చట్టము విధించినది. ఇటుకల ప్రోగుల నడుమ ఆడుకొను కూలీల బిడ్డలను చూచి చలించిన మీరా మహదేవన్ 1969లో ఢిల్లీలో ‘మొబైల్ క్రెషెస్’ను ప్రారంభించినది. అట్టి బిడ్డలు మన ఊరి చివర అపార్టుమెంట్ల కడ నేడును ఉన్నారు. వారికై పనిచేయగల శిక్షితులు ఎంతో అవసరము. ఇక ఎదుగుదలలో వెనుకబడిన పిల్లలకు చేయూతనీయ దలంచితివేని, సికింద్రాబాదు మనోవికాస్‌నగరునందలి, మేధోవైకల్యముగలవారికై ఏర్పడిన జాతీయసంస్థ అట్టి శిక్షణకు పేరెన్నికగన్నది.

శిక్షణ లేక ఏ వాకిలిలోను నిలువజాలవు. ఇగ్నో వారి శిశుసంరక్షణ, విద్య డిప్లొమా ఇంటర్మీడియటు ముగించినవారికి ఇంటనుండియే చదువుకొన వీలైనది. సైఫాబాదులోని వ్యవసాయ విశ్వవిద్యాలయ కళాశాలలో మానవవికాస శాస్త్రమును బోధింతురు. 2020 జాతీయ విద్యావిధానము మూడేండ్ల నుండి ఎనిమిదేండ్ల వఱకు గల వయస్సును పునాది దశగా గుర్తించినందున, ఈ చదువులకు మున్ముందు విలువ హెచ్చునని నా నమ్మకము. కొద్దిపాటి రోజులలోనే సర్టిఫికెటు చేతబెట్టెదమని గోడలపై కాగితములంటించు చోట్లకు పోవలదు. పిల్లల నడుమ అభ్యాసము చేయింపని శిక్షణ ఎంత చౌకయైనను దండుగయే.

ఏ సంస్థలో చేరదలచినను, ప్రైవేటు ప్లేస్కూలైనను సరే, ఒక ఉదయము పదిగంటలకు పిల్లలున్న గదిలో కొంతసేపు కూర్చుండనిండని అడుగుము. మూడేండ్ల పిల్లలచేత పెన్సిలు పట్టించి బలవంతముగా వ్రాయించుచున్నారా, ఒక్క టీచరు వద్ద ఎందఱు పిల్లలున్నారు, ఏడ్చు పిల్లవాని వద్దకు ఎవరు పోవుచున్నారు అని కనిపెట్టుము. కూర్చుండనీయని చోట చేరకుము. పిదప జీతము, పని గంటలు కాగితముపై అడుగుము. ప్రాజెక్టు నిధులు ఎన్నేండ్లవో తెలిసికొనుము. సేవాభావము పేర తక్కువ జీతమునకు తలయొగ్గుట ధర్మము కాదు. నీవు నిలదొక్కుకొననిచో నీ పిల్లలకు ఏటికొక క్రొత్త టీచరు వచ్చును, పసిమనస్సునకు అంతకంటె కీడు లేదు.

సెలవులకు రాగానే దరఖాస్తులు వ్రాయుటకు తొందరపడక, మన ఊరి అంగన్‌వాడీ టీచరు అనుమతితో నెలరోజులు ప్రతి ఉదయము అచ్చటికి పొమ్ము. నోటుపుస్తకములో ఒక్క బిడ్డను గూర్చి, నీ అభిప్రాయము చేర్పక, చేసినది చేసినట్లు, పలికినది పలికినట్లు వ్రాయుము. నెలగడచిన పిదపను ఆ వ్రాత విసుగు పుట్టింపక, మఱునాడు ఆ బిడ్డ ఏమి చేయునో చూడవలెనను ఆత్రము నీకు కలిగినచో, ఈ వృత్తి నీదే. మీ నాయనతో నేనే మాటాడెదను. అట్లు కలుగనిచో చింతింపక నీకు నచ్చిన వేఱొక త్రోవ చూచుకొనుము. అందును నా ఆశీస్సులు నీకుండును.

ఇట్లు,
నీ క్షేమము కోరు
మేనత్త