అది నిద్ర కాదు



నేను రాయ్‌పూర్‌కు బదిలీ కాకముందు, మరో ఊళ్లో జరిగిన సంగతి ఇది. పదకొండో తరగతిలో కొత్తగా చేరిన అబ్బాయి నాలుగో పీరియడ్‌లో బెంచీ మీద తల వాల్చేశాడు. "పాఠం చెబుతుంటే నిద్రా?" అని గద్దించాను. లేచాడు కానీ మాట తడబడింది. ముఖమంతా చెమట, చేతులు వణుకుతున్నాయి. వాళ్ల పక్క క్వార్టర్‌లో ఉండే అమ్మాయి "టీచర్, వాడికి షుగర్ ఉంది!" అని అరిచింది. గ్లూకోజ్ నీళ్లు తాగించాం. పావుగంటకు తేరుకున్నాడు.

"ముందే ఎందుకు చెప్పలేదు నాన్నా?" అని అడిగాను.

"ఇది నాలుగో బడి టీచర్. ప్రతిచోటా మొదటినుంచీ చెప్పాలి. విసుగొచ్చింది."

బదిలీల మీద బతికే మనందరికీ తెలిసిన విసుగే అది. కానీ ఆ రోజు తొందరపడింది నేను.

టైప్ 1 మధుమేహం అంటే?

మనం తిన్న అన్నం చక్కెరగా మారి రక్తంలో చేరుతుంది. దాన్ని కణాల్లోకి పంపేది ఇన్సులిన్. అది క్లోమగ్రంథిలో తయారవుతుంది. ఒంటిని కాపాడాల్సిన రక్షణ వ్యవస్థే పొరపాటున ఆ ఇన్సులిన్ కణాలను నాశనం చేస్తే వచ్చేది టైప్ 1. ఇది మిఠాయిలు తిన్నందువల్ల రాదు, అంటుకోదు. మాత్రలతో సరిపోదు, రోజూ ఇన్సులిన్ కావాలి.

ఒకప్పుడు ఈ జబ్బు వచ్చిన పిల్లలు ఎక్కువకాలం బతికేవారు కాదు. 1921లో టొరంటోలో బాంటింగ్, బెస్ట్ ఇన్సులిన్‌ను వేరుచేశారు. 1922 జనవరిలో లియొనార్డ్ థాంప్సన్ అనే 14 ఏళ్ల అబ్బాయికి ఇచ్చారు. మొదటి మోతాదు సరిగా పనిచేయలేదు. కాలిప్ దాన్ని శుద్ధిచేశాక రెండోసారి ఫలించింది. మనం బాలల దినోత్సవం జరుపుకునే నవంబర్ 14 బాంటింగ్ పుట్టినరోజు. అదే ప్రపంచ మధుమేహ దినం కూడా.

చెరువుగట్టు మీద

ఆ అబ్బాయి ఇప్పుడు ఇక్కడే ఇంజినీరింగ్ చదువుతున్నాడు. మొన్న సాయంత్రం తెలీబంధా చెరువు దగ్గర, అదే మన మెరైన్ డ్రైవ్‌లో, కలిశాడు. నడకకు ముందు మీటరుతో చక్కెర చూసుకుని రెండు బిస్కెట్లు తిన్నాడు. నడిస్తే చక్కెర తగ్గుతుందట.

"ఇంట్లో లెక్కలన్నీ అమ్మ చూసేది. ఇప్పుడు ఎంత తిన్నాను, ఎంత ఇన్సులిన్ అన్నది నేనే చూసుకోవాలి. ఒక్కోరోజు చిరాకేస్తుంది టీచర్. ఆ రోజు కూడా ఇన్సులిన్ మాత్రం మానను. మానితే ప్రాణం మీదికొస్తుంది" అన్నాడు.

రాయ్‌పూర్ ఎండలకు ఇన్సులిన్ పాడవుతుంది. అందుకే కొత్తవి ఫ్రిజ్‌లో పెడతాడు, గడ్డకట్టనివ్వడు. రైల్లో ఇంటికి వెళ్లేటప్పుడు చేతిసంచిలోనే ఉంచుకుంటాడు. హాస్టల్లో చేరిన రోజే గదిలోని మిత్రులకు అన్నీ చెప్పాడట.

మీ మిత్రుడికి చక్కెర పడిపోతే

1. చెమట, వణుకు, ఆకలి, తడబాటు కనిపిస్తే వెంటనే మూడు చెంచాల చక్కెర లేదా గ్లూకోజ్ నీళ్లలో కలిపి ఇవ్వండి.
2. ఒంటరిగా వదలకండి. పెద్దల్ని పిలవండి.
3. 15 నిమిషాలకు తగ్గకపోతే మళ్లీ ఇవ్వండి.
4. స్పృహ తప్పితే నోట్లో ఏమీ వేయకండి. వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లాలి.

మీలో ఎవరికైనా ఇలాంటి సమస్య ఉంటే కొత్త బడిలో మొదటిరోజే క్లాస్ టీచర్‌కు చెప్పండి. బోర్డు పరీక్షకు చక్కెర బిళ్లలు, తినుబండారాలు తీసుకెళ్లడానికి సి.బి.ఎస్.ఇ. అనుమతి ఉంది. బడి ద్వారా ముందుగా అడగాలి.

నేనూ ఒకటి నేర్చుకున్నాను. తల వాల్చిన పిల్లల్ని ఇప్పుడు గద్దించను. దగ్గరికి వెళ్లి, పేరుపెట్టి పిలిచి, ముఖం చూస్తాను.

ఆలోచించి రాయండి

అ) ఆ అబ్బాయి తన జబ్బు సంగతి బడిలో ఎందుకు చెప్పలేదు? హాస్టల్లో ఎందుకు చెప్పి ఉంటాడు?
ఆ) కొత్త బడిలో మీ గురించి ఇతరులకు తెలియాల్సింది ఏమిటి? ఐదు వాక్యాల్లో రాయండి.