అడ్డపొగ – అదుపు తప్పిన కణం

విశాఖ తీరంలోనూ, శ్రీకాకుళం పల్లెల్లోనూ చుట్ట నిప్పును నోటి లోపల పెట్టుకుని కాల్చే ఆడవాళ్ళు ఇప్పటికీ కనిపిస్తారు. ఇదే అడ్డపొగ. సాధారణంగా అంగిలి కాన్సరు అరుదు. మన తీరంలో అది ఎక్కువగా రావడానికి ఈ అలవాటే కారణమని గోవిందరెడ్డి, రావు అనే వైద్యులు 1957లోనే రాశారు.

లోపల జరిగేదేమిటి? అంగిటి పైపొర అరిగేకొద్దీ అడుగు కణాలు విభజన చెంది లోటు తీరుస్తాయి. ప్రతి కణమూ తన 46 క్రోమోజోములకు నకలు తీసుకున్నాకే రెండవుతుంది. డి.ఎన్.ఏ. దెబ్బతింటే పి53 అనే ప్రొటీను విభజనను ఆపుతుంది. బాగుపడని కణాన్ని చంపేస్తుంది.

చుట్ట వేడికి కణాలు చచ్చేకొద్దీ విభజనలు పెరుగుతాయి. పొగలోని విషాలు డి.ఎన్.ఏ.ను పాడుచేస్తాయి. చివరికి ఆ కాపలా జన్యువే చెడితే? ఆపేవాడు లేక కణం విభజిస్తూనే పోతుంది. అదే కాన్సరు!

అయితే ఇది ఒక్కరోజులో రాదు. ముందు అంగిలి తెల్లబారుతుంది, మచ్చలు పడతాయి. నొప్పి ఉండదు గనుక ఎవరూ పట్టించుకోరు. చుట్ట మానేస్తే అవి తగ్గే అవకాశం ఉంది. మిత్రులారా, సెలవులకు ఇంటికెళ్ళినప్పుడు మామ్మగారి నోట్లోకి ఓసారి టార్చిలైటు వేసి చూడండి. మచ్చ కనిపిస్తే ఆలస్యం చేయక డాక్టరు దగ్గరకు తీసుకెళ్ళండి. మన చదువుకు అంతకన్నా మంచి పరీక్ష ఏముంటుంది?