బుక్‌మార్కుల మెనూ ఖాళీగా వస్తోంది

ప్రశ్న: భీమవరంలో మాది రొయ్యల మేత దుకాణం. విండోస్ 7 కంప్యూటర్లో ఫైర్‌ఫాక్స్ వాడతాం. వారం నుంచి బుక్‌మార్కుల మెనూ ఒక్కోసారి ఖాళీగా వస్తోంది. కొత్తవి దాచినా నిలవడం లేదు. అన్నీ పోయినట్టేనా?
– ఒక పాఠకుడు

జవాబు: కంగారు పడకండి, చాలావరకు దొరుకుతాయి. బుక్‌మార్కులనూ, చూసిన పేజీల చిట్టానూ ఫైర్‌ఫాక్స్ ‘ప్లేసెస్.ఎస్‌క్యూలైట్’ అనే ఒకే ఫైలులో రాస్తుంది. రాస్తుండగా కరెంటు పోతే ఆ ఫైలు దెబ్బతినొచ్చు. మీకు యూపీఎస్ లేకపోతే నా మొదటి అనుమానం కరెంటు పోవడం మీదే.

అడ్రసు పట్టీలో ‘అబౌట్:సపోర్ట్’ అని ఇంగ్లిషులో కొట్టండి. ‘ప్రొఫైల్ ఫోల్డర్’ పక్కనున్న ‘ఓపెన్ ఫోల్డర్’ నొక్కితే ఆ ఫైలున్న ఫోల్డరు తెరుచుకుంటుంది. ఫైర్‌ఫాక్స్ మూసేసి, ఆ ఫోల్డరు మొత్తాన్ని పెన్‌డ్రైవులోకి కాపీ చేయండి. ఇది మాత్రం మానొద్దు. తర్వాత ఫైర్‌ఫాక్స్ తెరిచి, అదే ‘అబౌట్:సపోర్ట్’ పేజీలో ‘ప్లేసెస్ డేటాబేస్’ దగ్గర ‘వెరిఫై ఇంటెగ్రిటీ’ నొక్కి, ఫైర్‌ఫాక్స్ మూసి మళ్లీ తెరవండి.

అప్పటికీ ఖాళీయేనా? కంట్రోల్, షిఫ్ట్, ఓ కలిపి నొక్కండి. అప్పుడు తెరుచుకునే విండోలో ‘ఇంపోర్ట్ అండ్ బ్యాకప్’ కింద ‘రిస్టోర్’లో తేదీల వరస ఉంటుంది. ఫైర్‌ఫాక్స్ తనంతట తానే దాచిన ప్రతులవి. మెనూ బాగున్న రోజుది ఎంచుకోండి. ఇప్పుడున్నవి చెరిగి ఆనాటివి వస్తాయి. అందుకే ముందు కాపీ అన్నాను.

ఇంకో మాట: విండోస్ 7కి మైక్రోసాఫ్ట్ మద్దతు 2020 జనవరిలోనే ఆగిపోయింది. బ్యాంకు, జీఎస్టీ పనులు దాని మీద చేయకండి.

తేదీల వరస కూడా ఖాళీగా ఉన్నా, హార్డ్‌డిస్కు టకటకమన్నా కంప్యూటరు ఆపేసి మెకానిక్ దగ్గరకు తీసుకెళ్లండి. ఫార్మాట్ మాట ఎత్తకముందే బుక్‌మార్కులు కావాలని చెప్పండి.