బొమ్మ స్వయముగా నడచుట యెట్లు?

సిరొంచ సంతలో కొన్న మరమనిషి బొమ్మ మీట నొక్కిన నడచును. గోడ అడ్డమైనను ఆగదు. దానికి బలమున్నది గాని చూపు లేదు, వివేకము లేదు. ఈ రెంటిని మనమెట్లు సమకూర్చగలము?

1948-49 సంవత్సరములలో ఇంగ్లండులోని బ్రిస్టలు నగరమున గ్రే వాల్టరు అను శాస్త్రజ్ఞుడు రెండు యంత్రపు తాబేళ్లను నిర్మించెను. అవి వెలుగును వెదకుచు, అడ్డము తగిలిన తప్పుకొని పోయెడివి. వాటి పండ్లచక్రములు పాత గడియారములనుండి, గ్యాసు మీటర్లనుండి తీసినవే!

మనము కుడియెడమ చక్రములకు వేర్వేరు మోటార్లున్న బొమ్మను ఎన్నుకొని, ముందు భాగమున అతిధ్వని సెన్సారును అమర్చుదము. అది పంపిన ధ్వని గోడను తాకి మరలివచ్చును. ధ్వని వేగము సెకనుకు సుమారు 340 మీటర్లు. ప్రతిధ్వని 0.002 సెకనులో వచ్చినచో రానుపోను దూరము 68 సెంటీమీటర్లు. కావున గోడ 34 సెంటీమీటర్ల దూరమున నున్నది. చీకటిలో గబ్బిలము చేయునదియు ఇదియే.

ఈ సమాచారమును మైక్రోకంట్రోలరు గ్రహించి మోటార్లకు ఆజ్ఞ యిచ్చును. అయితే మోటార్లకు వలయునంత విద్యుత్తును అది నేరుగా ఈయజాలదు, బలవంతపెట్టిన చెడిపోవచ్చును. కావున నడుమ మోటారు డ్రైవరు ఉండవలెను.

ఇక ఆజ్ఞ: “దూరము 20 సెంటీమీటర్లకన్న తక్కువయైన ఆగుము, వెనుకకు జరిగి కుడికి తిరుగుము, లేనిచో ముందుకు సాగుము.” దీనిని మొదట తెలుగులోనే వ్రాసికొని, పిమ్మట యంత్రభాషలోనికి మార్చవలెను. ఇంట తెలుగు, కచేరీలో మరాఠీ పలుకు మన బాలబాలికలకు తలపును భాషనుండి భాషకు చేర్చుట క్రొత్త కాదు గదా! తలపు స్పష్టమైనచో యంత్రమును వినును.